పన్నెండు ఖాళీ రోజులు

తనిఖీ అధికారి శనివారం వస్తున్నాడని మంగళవారం పొద్దున కబురు అందింది. ఆ పూట నుంచి యాకూబ్‌కి అన్నం సయించలేదు.

యాకూబ్, హజ్రత్ బుర్హాన్ షా దగ్గర పదకొండేళ్లుగా ఉంటున్న శిష్యుడు. హజ్రత్ సూఫీ గురువు, హకీము కూడా. గోదావరి ఒడ్డున ఆయనా శిష్యులూ ఉండే చోటు సగం ప్రార్థనకి, సగం రోగులకి. ఏ సగంలో జనం ఎక్కువంటే, వానాకాలంలో రెండోదాన్లోనే.

అక్కడి లంక గ్రామాల్లో ఏటా భాద్రపదంలో చలిజ్వరం వస్తుంది. వచ్చి ఇంటికొకరిని మంచాన పడేసి, ఊరికి నలుగురైదుగురిని తీసుకుని పోతుంది. నేలవేము కషాయం ఆ నెల ముప్పై రోజులూ రోజూ తాగిస్తే జ్వరం రాదేమో అని హజ్రత్‌కి ఒక ఆలోచన. రాదు అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. రాదేమో అనేవారు. అది తేల్చుకోవడానికే పాదుషావారి పెద్ద ఖజానాకి దరఖాస్తు పెట్టారు.

మంజూరైంది. ఏడాదికి నాలుగు వందల వరహాలు, మూడేళ్లు. నాలుగు లంకల్లో కషాయం తాగించాలి, ఇంకో నాలుగు లంకల్లో తాగించకూడదు, ఎనిమిదింటిలోనూ జ్వరాలు లెక్కపెట్టాలి. ఊరి నవాబు ఇచ్చే సొమ్మైతే ఓ సలాం కొట్టి నాలుగు మాటలు చెప్పి సర్దుకోవచ్చు. ఇది ఇరవై రెండు సుబాలకు పంచే సొమ్ము. మంజూరు కాగితం ఒకటే వస్తే, దాని వెనక షరతుల కాగితాలు ఏడు వచ్చాయి.

ఏ పద్దుకి ఎంతో ముందే అంచనా రాసి పంపింది యాకూబే. వనమూలికలకి నూట యాభై. పడవలకి అరవై. కూలీలకి నూట నలభై. కాగితానికీ సిరాకీ పది. మిగతా వాటికి నలభై. అతని దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. ఆ సంగతి అతనికి కూడా తెలుసు, కాస్త ఎక్కువగానే తెలుసు. అంచనా కాగితం పంపే ముందు దాన్ని మూడుసార్లు దూరంగా పట్టుకుని చూసుకున్నాడు.

మొదటి ఏడు అంతా అనుకున్నట్టే జరిగింది. రెండో ఏడు గోదావరికి ఆ అంచనా ఎవరూ చదివి వినిపించలేదు.

భాద్రపదం నడిమిలో గట్టు తెగింది. పడవవాళ్లు కిరాయి మూడింతలు అడిగారు. ప్రాణాలకి తెగించి వెళ్లేవాళ్లతో బేరమాడటానికి నోరు రాలేదు. చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. సగం దూరం వెళ్లి వెనక్కి వచ్చిన పడవకి కూడా కిరాయి ఇవ్వాల్సిందే. ఇంత చేసినా పన్నెండు రోజుల పాటు ఏ పడవా అవతలి ఒడ్డు చేరలేదు. యాకూబ్ కషాయం కుండలు పెట్టుకుని గట్టు మీద నిలబడి, వాటిని సాయంత్రం నీళ్లలో పారబోసి ఇంటికి వచ్చేవాడు.

ఏడాది చివర చిట్టా కూడితే పడవలకి నూట పద్దెనిమిది వరహాలు తేలింది. మూలికలకి తొంభై రెండే. మొత్తం నాలుగు వందలూ సరిగ్గా సరిపోయాయి, ఒక్క వరహా అటూ ఇటూ కాలేదు. కానీ షరతుల్లో నాలుగోది ఏమంటుందంటే, ఏ పద్దైనా పదో వంతుకి మించి పెరిగితే ముందుగా అనుమతి తీసుకోవాలి. అరవై వరహాల పద్దుకి పదో వంతంటే ఆరు. పెరిగింది యాభై ఎనిమిది.

అనుమతి అడగలేదు. రాజధానికి ఉత్తరం వెళ్లి జవాబు రావాలంటే రెండు నెలలు. వరద రెండు నెలలు ఆగదు కదా అని యాకూబ్ తనకి తాను చెప్పుకున్నాడు. వరద తగ్గాక రాద్దామనుకున్నాడు. తగ్గాక రోగుల పని మీద పడింది. పని తగ్గాక భయం మొదలైంది. భయం మొదలైన మనిషి ఉత్తరం రాయడు.

కిందటేడు పక్క సుబాలో ఒక పండితుడు గ్రహణాలు గణించడానికి సొమ్ము తీసుకుని ఆ సొమ్ముతో ఇంటికి పెంకు వేయించాడని కోటలో ఖైదు చేశారు. యాకూబ్ పెంకు వేయించలేదు. అయినా కళ్లు మూసుకుంటే కోట తలుపే కనిపించేది. ఆ తలుపు లోపల తను కాదు, డెబ్బై ఏళ్ల హజ్రత్ కనిపించేవారు. మంజూరు కాగితం ఆయన పేరు మీద ఉంది మరి. ఆయనకి ఏమీ కాకపోయినా మూడో విడత ఆగిపోతుంది. మూడో వానాకాలం లేకుండా ఈ లెక్క తేలదు. తేలకపోతే లంకల్లో ఏటా పోయేవాళ్లు పోతూనే ఉంటారు. అంతా తను రాయని ఒక్క ఉత్తరం వల్ల.

బుధవారం వంటింట్లో మస్తానమ్మ అతని ముందు రొట్టెలు పెట్టింది. కషాయం కాచేదీ, ఇంటిల్లిపాదికీ వండేదీ ఆమే. యాకూబ్ రొట్టె తుంపి, ముక్కల్ని వరసగా పేర్చాడు.

"తినేదానికి కూడా పద్దులు వేస్తున్నావేంటయ్యా?" అంది మస్తానమ్మ. "శనివారం వచ్చేవాడు మనిషేగా, పులి కాదుగా."

"పులైతే హాయిగా చెట్టెక్కేవాణ్ని అక్కా."

"మరి హజ్రత్‌కి చెప్పు."

"చెప్పి ఆయన్ని కూడా తినకుండా చేయమంటావా?"

ఆమె ఆ ముక్కలన్నీ తీసి కోళ్లకి వేసింది.

యాకూబ్ తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని కొత్త పుస్తకం కుట్టాడు. దాన్లో ఏడాది లెక్కంతా మళ్లీ రాశాడు. పడవలు, అరవై. మూలికలు, నూట యాభై. మూట రెండు వరహాల చొప్పున ఇరవై తొమ్మిది మూటల నేలవేము ఎక్కువ కొన్నట్టు చూపించాడు. బజారులో మూలికల కొట్టతను రసీదులకి ఏమాత్రం బెట్టు చేయలేదు. "ఎన్ని కావాలో చెప్పండి, ఏ తేదీలు వేయాలో చెప్పండి" అని సిరా బుడ్డి ముందుకు లాక్కున్నాడు. సర్కారు పనులు చేసేవాళ్లు చాలామంది అతని దగ్గరికి వస్తారు కాబోలు.

గురువారం మధ్యాహ్నానికి పుస్తకం పూర్తయింది. ఒక్క మరక లేదు, ఒక్క కొట్టివేత లేదు. ప్రతి పద్దూ అంచనాతో అచ్చు గుద్దినట్టు కలిసింది. యాకూబ్‌కి మూడో రోజున ఆకలేసింది. ఎవరి సొమ్మూ తినలేదు, ఎవరికీ నష్టం లేదు, అంకెల్ని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మార్చాను, అంతే కదా అనుకున్నాడు. ఆ మాట మనసులో నాలుగైదుసార్లు అనుకోవాల్సి వచ్చింది.

శుక్రవారం నమాజు అయ్యాక కొత్త పుస్తకం తీసుకెళ్లి హజ్రత్ ముందు పెట్టాడు. ఆయన సంతకం కావాలి.

హజ్రత్ దవాఖానా వరండాలో చాప మీద కూర్చుని ఉన్నారు. పుస్తకం తీసి మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివారు. ఆయన చదువుతున్నంతసేపూ యాకూబ్ చేతులు కట్టుకుని ఆయన కనుబొమల వైపే చూస్తూ నిలబడ్డాడు. అవి కదల్లేదు.

"బాగా రాశావు బేటా," అన్నారు హజ్రత్. "జ్వరాల పుస్తకం పట్రా. కలమూ సిరా కూడా."

సంతకానికే అనుకున్నాడు యాకూబ్. జ్వరాల పుస్తకం ఎందుకో అర్థం కాకపోయినా తెచ్చి పెట్టాడు.

జ్వరాల పుస్తకం అంటే ఆ మూడేళ్ల పనికీ ప్రాణం. తాగని లంకల జ్వరాల లెక్క వెనక పుటల్లో ఉంటుంది. కషాయం తాగే నాలుగు లంకల్లో ఊరికి ముప్పై మంది, మొత్తం నూట ఇరవై మంది పేర్లు దాన్లో ఉంటాయి. పేరు ఎదురుగా ముప్పై గళ్లు. కషాయం తాగిన రోజు గడిలో చుక్క పెడతారు. తాగని రోజు ఖాళీ. చివర జ్వరం వచ్చిందో లేదో, బతికారో పోయారో రాస్తారు. పోయిన భాద్రపదం పుటల్లో అందరి వరసలోనూ ఒకే చోట పన్నెండు గళ్లు ఖాళీగా ఉన్నాయి. పుట తెరిస్తే మధ్యలో తెల్లటి దారిలా కనిపిస్తుంది.

హజ్రత్ కలం సిరాలో ముంచారు. మొదటి పేరు చదివారు.

"వాడపల్లి గంగరాజు." ఖాళీ గడిలో చుక్క పెట్టారు. పక్క గడిలో ఇంకోటి. పన్నెండు గళ్లలో పన్నెండు చుక్కలు, తొందర లేకుండా, గుండ్రంగా.

"హజ్రత్..." అన్నాడు యాకూబ్.

"వాడపల్లి చిట్టెమ్మ." మళ్లీ పన్నెండు.

"హజ్రత్, అవి వరద రోజులు. ఆ రోజుల్లో కషాయం అందలేదు."

"అందింది నాయనా. ఇరవై తొమ్మిది మూటలు కొన్నావుగా. పడవలు మామూలు కిరాయికి రోజూ నడిచాయి. నీ పుస్తకంలో అలాగే ఉంది." కలం మళ్లీ ముంచారు. "కొన్న మందు ఎవరో ఒకరు తాగాలి కదా. కర్రి సోమన్న."

హజ్రత్ వేళాకోళం చేస్తున్నారేమో అని యాకూబ్ ఆయన ముఖంలోకి చూశాడు. అక్కడ నవ్వు లేదు, కోపం కూడా లేదు. ఉదయం పూట రోగుల పేర్లు రాసుకునేటప్పుడు ఎలా ఉంటారో అలాగే ఉన్నారు. ఆయన చేతిలో ఆ పుస్తకం పాడైపోతోంది. రెండు వానాకాలాలు మోకాళ్ల లోతు బురదలో తిరిగి, ఇంటింటి గుమ్మం ముందూ నిలబడి, తాగావా తాగావా అని అడిగి అడిగి నింపిన పుస్తకం.

నాలుగో పేరు కూడా అయిపోయింది.

"సంగాని పోలమ్మ," అన్నారు హజ్రత్.

పోలమ్మ పడవ నూకయ్య భార్య. ఖాళీ రోజుల్లో మూడో నాడు ఆమెకి జ్వరం వచ్చింది. తొమ్మిదో నాడు పోయింది. ఆ ఆరు రోజులూ యాకూబ్ ఇవతలి గట్టు మీద నిలబడి పడవ, పడవ అని గొంతు పోయేలా అరిచాడు. నీళ్లు తగ్గాక నూకయ్య వచ్చి, "మందు కుండ వస్తంది వస్తంది అని చూసిందయ్యా," అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయాడు. ఆ మాట యాకూబ్ ఎవరికీ చెప్పలేదు.

ఒక చుక్క. రెండో చుక్క. హజ్రత్ కలం ఒక్కో గడీ దాటుతోంది. తొమ్మిదో గడి దగ్గర ఆగింది.

"ఇక్కడికి పోయింది పాపం," అన్నారు ఆయన మెల్లగా. కలాన్ని చివరి గడి దగ్గరికి జరిపారు. "రోజూ తాగింది. తాగినా పోయింది. అయితే ఈ మందు..."

"హజ్రత్!"

యాకూబ్ ఆయన మణికట్టు పట్టుకున్నాడు. కలం ఎగిరి పడి పుట మీద సిరా చిందింది. పదకొండేళ్లలో గురువు ముందు గొంతు పెంచి ఎరగడు. ఇప్పుడు ఏకంగా ఆయన చెయ్యే పట్టుకుని ఆపాడు. ఆ చెయ్యి సన్నగా, ఎముకలతో, పిట్ట కాలంత తేలిగ్గా ఉంది. అయినా వదల్లేకపోయాడు.

"ఆమె తాగలేదు," అన్నాడు. ఏడుపు తన్నుకొచ్చింది. "తాగలేదు హజ్రత్. నేనే ఇవ్వలేకపోయాను. తాగిందని రాయకండి."

హజ్రత్ తన చెయ్యి విడిపించుకోలేదు. కాసేపటికి యాకూబే వదిలాడు.

"నేను రాయకపోతే ఆ మూటలు నీ పుస్తకంలోనే ఉండిపోతాయి బేటా," అన్నారు ఆయన. "రెండింట్లో ఏది ఉంచమంటావో నువ్వే చెప్పు." లేచి, గోడ పట్టుకుని, రోగుల దగ్గరికి వెళ్లిపోయారు.

యాకూబ్ సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు. ఐదు వరసల్లో హజ్రత్ పెట్టిన చుక్కలు లెక్కపెట్టాడు. యాభై ఏడు. ఒక్కో చుక్క మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన తన పేరు రాశాడు. పోలమ్మ వరసలో తొమ్మిది గీతలు కొట్టేసరికి అంత మంచి దస్తూరీ వంకర్లు పోయింది. తర్వాత పాత చిట్టా తీశాడు. బురద మరకలతో, పడవవాళ్లు సంతకానికి బదులు గీసిన తెడ్డు గుర్తులతో అది చూడ్డానికే అసహ్యంగా ఉంది. దాని వెనక పుటలో, వరద సంగతీ, పడవల కిరాయి సంగతీ, ముందుగా అనుమతి అడగకపోవడం తన తప్పేననీ నాలుగు ముక్కల్లో రాశాడు. హజ్రత్ సంతకం చేశారు.

శనివారం ఎండ ఎక్కకముందే తనిఖీ అధికారి రాఘోజీ పంతులు పల్లకీ దిగాడు. పొట్టి మనిషి, ముక్కు మీద జారిపోయే కళ్లజోడు. మంచినీళ్లు తప్ప ఏమీ పుచ్చుకోనని ముందే చెప్పేశాడు.

చిట్టా ఒక్కో పుటా తిప్పాడు. పడవల పద్దు దగ్గర వేలు ఆగింది.

"నూట పద్దెనిమిదా? మంజూరు అరవై కదయ్యా. అనుమతి ఏది?"

"లేదండి పంతులుగారూ. అడగలేదు. వెనక పుటలో రాశాను."

పంతులు వెనక పుట చదివాడు. "వరద వచ్చింది, ఒప్పుకుంటా. వచ్చిందని నాకూ తెలుసు, నా పల్లకీ కూడా నాలుగు రోజులు ఆగిపోయింది. కానీ ఉత్తరం ఎందుకు రాయలేదు?"

"మొదట తీరిక లేక. తర్వాత భయమేసి."

పంతులు కళ్లజోడు పైకి తోసుకుని అతన్ని ఒకసారి చూశాడు. "షరతు షరతే. ఆరు వరహాలు వదిలి, మిగిలిన యాభై రెండూ ఒప్పుకోను. మీరే కట్టాలి." తన కాగితంలో రాసుకున్నాడు. తర్వాత జ్వరాల పుస్తకం అడిగాడు. పడవ వెళ్లిన తేదీలూ, చుక్కలున్న తేదీలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. చూస్తూ చూస్తూ ఒక పుట దగ్గర ముఖం చిట్లించాడు.

"ఇదేమిటి? ఖాళీ రోజుల్లో చుక్కలు పెట్టి కొట్టేశారు. ఇంత సిరా ఒలికింది. పుస్తకం దిద్దారా మీరు?"

యాకూబ్ పక్కన కూర్చున్న హజ్రత్ వైపు చూశాడు.

"చుక్కలు నేను పెట్టాను," అన్నారు హజ్రత్. "కొట్టేసింది ఇతను."

"మీరా, షా సాహెబు గారూ? తాగనివాళ్లు తాగినట్టు మీరు రాశారా?"

"రాశాను."

పంతులు కలం తీసుకున్నాడు. హజ్రత్ పేరు రాయడం మొదలుపెట్టాడు. ఆయన ఇంకో ముక్క చెప్పి తప్పుకోవచ్చు. చెప్పలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, వేరేవాళ్ల సంగతి వింటున్నట్టు కూర్చున్నారు.

యాకూబ్ లేచాడు. గదిలోకి వెళ్లి కొత్త పుస్తకం తెచ్చాడు. రెండు చేతులతో పంతులు ముందు పెట్టాడు.

"దీన్ని చూసి రాశారండి ఆయన. ఇది నేను రాశాను. ఇందులో మూలికల రసీదులు దొంగవి. నాకు బుద్ధి రావాలని ఆయన నా అబద్ధాన్ని ఆ పుస్తకంలోకి ఎక్కించి చూపించారు. రాసుకుంటే నా పేరు రాసుకోండి."

పంతులు కొత్త పుస్తకం తెరిచాడు. అంచనా కాగితం తీసి పక్కన పెట్టుకున్నాడు. ప్రతి పద్దూ ఒకటికి ఒకటి సరిపోవడం చూశాడు. "దస్తూరి బాగుంది," అన్నాడు పొడిగా. అందులో మెచ్చుకోలు ఉందో లేదో యాకూబ్‌కి అంతుపట్టలేదు.

"మూడూ నాతో తీసుకెళ్తాను. మీరు చెప్పినదంతా రాస్తాను, ఎవరు ఏది చేశారో అలాగే రాస్తాను. మూడో విడత ఇవ్వడమా, ఆపడమా అనేది నా చేతుల్లో లేదు. దర్బారు నుంచి రెండు నెలల్లో జవాబు వస్తుంది, పుస్తకాలూ దాంతోనే తిరిగొస్తాయి."

పుస్తకాలు మూడూ ఎర్ర గుడ్డలో మూట కట్టించి, ఇంకో గ్లాసు నీళ్లు తాగి, పంతులు పల్లకీ ఎక్కాడు.

బోయీల కేకలు రేవు మలుపు తిరిగి వినిపించకుండా పోయేదాకా యాకూబ్ వాకిట్లో నిలబడ్డాడు. వెనక్కి వచ్చేసరికి హజ్రత్ వరండాలో మందు వేర్లు నూరుతున్నారు. యాకూబ్ ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"హజ్రత్, యాభై రెండు వరహాలు నేను ఎలాగోలా కడతాను. కూలికి వెళ్లైనా కడతాను. కానీ వాళ్లు మూడో ఏడు ఆపేస్తే? నా వల్ల ఆపేస్తే?"

హజ్రత్ నూరడం ఆపలేదు.

"ఆపేస్తే మన దగ్గర రెండు వానాకాలాల నిజం ఉంటుంది," అన్నారు. "నిన్న పొద్దున అది కూడా లేదు."